ధత్తూరం అర్చనకే గాని ఆస్వాదనకు కాదు

మహాశివరాత్రి సమీపించిన ప్రతిసారీ ఒక విపరీతవాదం యువసాధకుల మధ్య వ్యాపిస్తున్నది. ఉమ్మెత్త పరమశివునికి ప్రీతికరం గనుక దాని గింజలు శివప్రసాదమేననీ, వాటిని సేవిస్తే ఏళ్ల తరబడి జపధ్యానాలు చేసినా దొరకని దర్శనం ఒక్క రాత్రిలో సిద్ధిస్తుందనీ, పూర్వసిద్ధులు ఎరిగిన ఈ రహస్యాన్ని అర్చకులూ పండితులూ మరుగుపరిచారనీ ఆ వాదసారం. మరుగుపరచవలసిన రహస్యమేదీ ఇందులో లేదు. ఊరి చివర దిబ్బల మీదా, కాలువ గట్ల మీదా ఎవరూ నాటకుండానే పెరిగే మొక్క ఇది. దీనిని తింటే ఏమవుతుందో పల్లెలో పశువులు కాచే బాలునికి సైతం తెలుసు. ఈ వాదం వట్టి శాస్త్రచర్చగా మిగిలిపోయేదైతే ఉపేక్షించవచ్చు. కాని దీనిని నమ్మి గింజలు నమిలినవాడు మరునాడు దేవాలయంలో గాక ఆసుపత్రి అత్యవసర విభాగంలో కన్ను తెరుస్తాడు. కొందరు తెరవరు.

మొదట పరిశీలించవలసినది పూజావిధి. ఉమ్మెత్త శివార్చనలో ఉన్న మాట నిజం. వినాయక వ్రతకల్పంలోని ఏకవింశతి పత్రాలలోనూ అది ఉన్నది. హరసూనుడనే నామంతో దత్తూరపత్రాన్ని స్వామికి సమర్పించడం తెలుగు ఇంటింటా జరిగేదే. అయితే అదే పట్టికలో కరవీరం ఉన్నది, అర్కం ఉన్నది. కరవీరం అంటే గన్నేరు. దాని విషం గుండె లయను చెరిచి ఆపివేస్తుంది. అర్కం అంటే జిల్లేడు. దాని పాలు కంటిలో పడితే చూపుకే ముప్పు. అర్పించినదంతా ఆహారమే అనే సూత్రం నిజమైతే ఈ వాదులు ఉమ్మెత్త దగ్గరే ఎందుకు ఆగిపోతున్నారు? గన్నేరునూ తినాలి కదా! తినరు. అందులో మత్తు లేదు, మరణమే ఉన్నది. కాబట్టి వారు వెదుకుతున్నది ప్రసాదం కాదు, మత్తు. దానికి శివుని పేరు ఒక ముసుగు.

పైగా శైవాగమ సంప్రదాయం ఎరిగినవారెవరూ ఈ మాట అనలేరు. లింగానికి సమర్పించిన పత్రపుష్పాలు నిర్మాల్యమై చండేశ్వరుని భాగమవుతాయి. కొన్ని లింగాల విషయంలో మినహాయింపులు ఉన్నా, సామాన్యంగా శివనిర్మాల్యం భక్షణయోగ్యం కాదని పెద్దలు చెబుతూనే వచ్చారు. స్వామికి సమర్పించిన ఉమ్మెత్త పువ్వునే తినకూడదంటే, సమర్పించని ఉమ్మెత్త గింజ ప్రసాదం ఎట్లా అవుతుంది?

ఉమ్మెత్త శివునికి ఎందుకు చెందినదో పురాణమే చెబుతున్నది. క్షీరసాగరమథన వేళ హాలాహలాన్ని స్వామి అరచేత గ్రహించి త్రాగినప్పుడు, ఆ చేతి నుండి జారిన కొంత విషాన్ని తేళ్లూ, సర్పాలూ, విషౌషధులూ స్వీకరించాయని భాగవత అష్టమస్కంధం. గరళభక్షణ ఘట్టాన్ని పోతనామాత్యుని నోట విననివారు తెలుగునాట అరుదు. ఆ స్వామి సైతం విషాన్ని ఉదరంలోకి పోనీయక కంఠాన నిలిపాడు. విషౌషధుల వంశానికి చెందిన మొక్కను ఆయన పాదాల వద్ద ఉంచడమంటే, లోకానికి హాని చేసేదానిని భరించగల వానికి అప్పగించడం. దశమస్కంధంలో శుకమహర్షి పరీక్షిత్తుకు మరింత స్పష్టంగా చెప్పాడు. ఈశ్వరుల చర్యలను అనీశ్వరుడు మనసుచేత కూడా అనుకరించరాదు, రుద్రుడు కానివాడు సముద్రవిషాన్ని త్రాగితే నశిస్తాడు అని. రాసలీల విషయమై వచ్చిన ఆ వాక్యం ఈనాటి ఈ వాదానికే చెప్పినట్టున్నది.

సంస్కృతభాష ఈ మొక్కకు పెట్టిన పేర్లు గమనించదగినవి. అమరకోశంలో ఉన్మత్తం, కితవం, ధూర్తం, ధత్తూరం అని వరుసగా వస్తాయి. కితవుడంటే జూదరి, ధూర్తుడంటే వంచకుడు. ఉన్మత్తమే తెలుగున ఉమ్మెత్త అయినది. జ్ఞానాన్ని సూచించే నామం ఆ వరుసలో ఒక్కటీ లేదు. ధత్తూర శబ్దమే 1753లో లిన్నేయస్ చేతిలో ‘దతూరా’ అనే శాస్త్రీయనామంగా మారి ప్రపంచమంతా తిరిగింది. మన వంగ, మిరప, టమాటాలు కూడా ఆ కుటుంబంలోనివే.

ఇక అది దేహంలో చేసే పని. ఉమ్మెత్త వేరు నుండి గింజ వరకు ప్రతి అంగంలోనూ హయోసయమైన్, స్కోపొలమైన్, అట్రోపిన్ అనే క్షారద్రవ్యాలు ఉన్నాయి. మన నాడులు పరస్పరం సందేశాలు పంపుకోవడానికి వాడే రసాయనాలలో ఎసిటైల్‌కోలిన్ ఒకటి. ఆ సందేశాన్ని అందుకొనే ద్వారాలలో మస్కారినిక్ గ్రాహకాలనే వాటిని ఈ క్షారాలు ఆక్రమించి మూసివేస్తాయి. కొత్త సందేశమేదీ ఇవి తీసుకురావు. రావలసిన సందేశాన్ని అడ్డగించడమే వీటి పని. లాలాజలం ఆగిపోతుంది, నాలుక అంగిలికి అంటుకుంటుంది. చెమట ఆగిపోతుంది గనుక దేహతాపం పెరుగుతుంది, చర్మం ఎర్రబారి పొడిగా కాలుతుంది. మన ఎండలలో ఇదొక్కటే ప్రాణాపాయం. కంటిపాపలు విచ్చుకొని దగ్గరి అక్షరం కనబడదు. గుండె వేగం హెచ్చుతుంది, మూత్రం బంధిస్తుంది. మోతాదు మెదడును తాకిన తరువాత మనిషి ఎదుట లేని బంధువుతో సంభాషిస్తాడు, గాలిలో లేని దారాన్ని లాగుతాడు, పక్కబట్టలను గిల్లుతాడు, అకారణంగా భయపడి పరుగెత్తుతాడు. తిన్న గంట లోపల మొదలయ్యే ఈ స్థితి ఒక దినమో రెండు దినాలో, ఒక్కొక్కప్పుడు అంతకు మించో సాగుతుంది. ఒక చెట్టు గింజకూ మరొక చెట్టు గింజకూ, ఒక ఋతువుకూ మరొక ఋతువుకూ క్షారపరిమాణంలో అనేక రెట్లు భేదం ఉండడం వలన, ‘ఇన్ని గింజలు తింటే ప్రమాదం లేదు’ అని చెప్పేవాడు అజ్ఞాని గాని గురువు కాడు.

ఈ క్షారాలలోని అట్రోపిన్ తెలుగు రైతు కుటుంబాలకు పరిచయమైన ఔషధమే. పురుగులమందు త్రాగినవారిని ఆసుపత్రికి చేర్చినప్పుడు వైద్యులు మొదట ఎక్కించేవాటిలో అది ఒకటి. పురుగులమందు ఎసిటైల్‌కోలిన్‌ను మితిమీరి పోగుచేస్తుంది. అట్రోపిన్ దాని ద్వారాలను మూసి ప్రాణం నిలుపుతుంది. అక్కడ అట్రోపిన్ అవసరానికి మించినప్పుడు రోగి పైకప్పుతో మాట్లాడతాడు, గాలిని పట్టి పీకుతాడు, మంచం దిగి పారిపోజూస్తాడు. మంచం పక్కన నిలిచిన తల్లి గాని భార్య గాని ‘ఇతనికి సాక్షాత్కారమైంది’ అని చేతులు జోడించడం ఎక్కడైనా ఉన్నదా? ‘మందు ఎక్కువైనట్టుంది, డాక్టరుగారిని పిలవండి’ అంటారు. వైద్యుడు మోతాదు తగ్గిస్తాడు, దర్శనం ముగుస్తుంది. అదే క్షారం సూదిలో ఉంటే ఉన్మాదం, కాయలో ఉంటే ఉపనిషత్తు అవుతుందా?

అయితే ఈ మొక్క చేసే అన్ని అపకారాలలోనూ సాధకుడు ముఖ్యంగా గుర్తించవలసినది ఒకటి ఉన్నది. అది స్మృతినాశం. 1676లో అమెరికాలోని వర్జీనియాలో, జేమ్స్‌టౌన్ వద్ద, తిరుగుబాటును అణచడానికి వచ్చిన ఆంగ్లసైనికులు కొందరు ఉమ్మెత్త జాతి ఆకును తెలియక కూరగా ఉడికించుకొని తిన్నారు. పదకొండు దినాలు వారు పిచ్చివారై తిరిగారు. ఒకడు ఈకను గాలిలోకి ఊదుతుంటే మరొకడు దానిపై కోపంతో గడ్డిపరకలు విసిరాడనీ, ఇంకొకడు దిగంబరుడై మూలన కూర్చొని కోతివలె పళ్లికిలించాడనీ, తెప్పరిల్లిన తరువాత జరిగినదేదీ వారికి జ్ఞాపకం లేదనీ రాబర్ట్ బెవర్లీ 1705లో అచ్చయిన వర్జీనియా చరిత్రలో వ్రాశాడు. మన దేశంలో పందొమ్మిదవ శతాబ్దపు బాటదోపిడీలలో ధత్తూరం విశేషంగా వాడబడినది. నార్మన్ చీవర్స్ వంటి వైద్యులు తమ న్యాయవైద్య గ్రంథాలలో దీనిని విస్తారంగా చర్చించారు. దోపిడిగాండ్రు బాటసారి తిండిలో దీనిని కలపడానికి కారణం అతనికి తెలివి తప్పడమే కాదు. తెలివి వచ్చాక సాక్ష్యం చెప్పలేకపోవడం కూడా. ఇరవయ్యవ శతాబ్ది ఆరంభంలో జర్మనీలో ప్రసవవేళ స్త్రీలకు మార్ఫిన్‌తో పాటు స్కోపొలమైన్ ఇచ్చేవారు. వారు నొప్పితో కేకలు వేసేవారు, మరునాడు ఆ నొప్పి జ్ఞాపకం ఉండేది కాదు. ఈనాటికీ ప్రయోగశాలలలో మరపును అధ్యయనం చేయదలచిన శాస్త్రవేత్తలు జంతువులకు తాత్కాలికంగా స్మృతి చెరపడానికి స్కోపొలమైన్‌నే వాడుతున్నారు.

దొంగకు సాక్షిని లేకుండా చేసిన ద్రవ్యం సాధకునికి సాక్షి స్థితిని ఇస్తుందట!

శాస్త్రం స్మృతికి ఇచ్చిన స్థానం ఎట్టిదో ఈ వాదులు ఒక్కసారి చూడవలసి ఉన్నది. ఛాందోగ్యం సప్తమాధ్యాయంలో సనత్కుమారుడు నారదునికి ఉపదేశించిన క్రమంలో ఆహారశుద్ధి వలన సత్త్వశుద్ధి, దాని వలన ధ్రువమైన స్మృతి, ఆ స్మృతి లభించినప్పుడు హృదయగ్రంథుల విమోచనం. పతంజలి యోగులకు చెప్పిన ఉపాయాలలో శ్రద్ధావీర్యాల తరువాత స్మృతి, ఆ తరువాతనే సమాధి. గీత రెండవ అధ్యాయంలో పతనక్రమం చెప్పినప్పుడు స్మృతిభ్రంశం నుండి బుద్ధినాశం. అష్టాదశాధ్యాయం చివర అర్జునుడు తన స్థితిని నివేదించినప్పుడు మోహం పోయినదనీ స్మృతి వచ్చినదనీ అంటాడు. అన్ని మార్గాలూ స్మృతి గుండానే పోతున్నాయి. ఆ వంతెనను తగులబెట్టే మొక్కను పట్టుకొని ఆవలి ఒడ్డుకు అడ్డదారి అని ప్రచారం చేయడం ఎంత వంచన!

అవస్థాత్రయ విచారణ చేసినా ఇదే తేలుతుంది. ఉమ్మెత్త తిన్నవాని కన్నులు తెరిచే ఉంటాయి గనుక అది స్వప్నం కాదు. అతడు చూచేది ఎదుట లేదు గనుక జాగ్రత్తు కాదు. మనస్సు లయించలేదు గనుక సుషుప్తి కాదు. ఈ మూడూ కానిది తురీయమే కావాలి అని ఒక తర్కం వినిపిస్తున్నది. మాండూక్యం చదవనివారికి ఇది గంభీరంగా తోస్తుంది. మూడు అవస్థలు కలగాపులగమైనంత మాత్రాన నాల్గవది పుట్టదు. తురీయం మూడింటికీ అధిష్ఠానం, అది కలిగేదీ పోయేదీ కాదు. గింజ జీర్ణమైతే పోయేది అధిష్ఠానం ఎట్లా అవుతుంది? వేదాంతంలో సత్యానికి గీటురాయి బాధరాహిత్యం. దీపం తెస్తే త్రాడులోని పాము బాధితమవుతుంది. ఉమ్మెత్త చూపిన దేవత విషం దిగితే బాధితమవుతుంది. త్రాడును పాముగా చూచినవాడు కనీసం ‘నేను పొరబడ్డాను’ అని గుర్తుంచుకుంటాడు. ఉమ్మెత్త తిన్నవానికి ఆ జ్ఞానం కూడా దక్కదు.

యోగసూత్రాల కైవల్యపాదం సిద్ధులకు గల హేతువులలో ఔషధిని కూడా చెప్పినది కదా అని కొందరు ఆక్షేపిస్తారు. చెప్పినది నిజమే. ఆ పాదంలో మొదటి సూత్రాన్ని చదివినవారు మరి అయిదు సూత్రాలు ముందుకు పోతే చాలు. అట్లా సిద్ధించిన చిత్తాలలో ధ్యానం వలన కలిగినది మాత్రమే కర్మాశయం లేనిదని ఆరవ సూత్రం తీర్పు చెప్పింది. అంతకు ముందే విభూతిపాదం సిద్ధులు సమాధికి ఉపసర్గాలని హెచ్చరించింది. పైగా సిద్ధి అన్నది ఒక సామర్థ్యం. నోటి నీరు ఎండి, మూత్రం బంధించి, సొంత ఇంటి గుమ్మం పోల్చుకోలేనివానికి ఏ సామర్థ్యం సిద్ధించినట్టు? అతని చిత్తవృత్తికి పతంజలి ఏనాడో పేరు పెట్టాడు, అది విపర్యయం.

ఇక పాశ్చాత్య పరిశోధనలు. 1954లో ఆల్డస్ హక్స్‌లీ మెస్కలిన్ అనుభవాన్ని గ్రంథంగా వ్రాసిన నాటి నుండి రసాయనంతో ఆధ్యాత్మికం అనే మాట అక్కడ చలామణిలో ఉన్నది. 2006లో జాన్స్ హాప్‌కిన్స్ విశ్వవిద్యాలయంలో రోలండ్ గ్రిఫిత్స్ బృందం 36 మందికి సిలోసిబిన్ ఇచ్చి, వారిలో పలువురు దానిని తమ జీవితంలోని అర్థవంతమైన అనుభవాలలో ఒకటిగా భావించారని ప్రకటించింది. దాని విలువ ఎంతో వేరే చర్చ. కాని సిలోసిబిన్ సెరటోనిన్ గ్రాహకాలపై పనిచేసేది, ఒక జాతి పుట్టగొడుగులలో ఉండేది. దానికీ ఉమ్మెత్తకూ రసాయనంలో గాని, క్రియలో గాని, ఫలంలో గాని సంబంధం లేదు. అది తీసుకున్నవాడు తనకు కనిపించేది ద్రవ్యప్రభావమని చాలవరకు ఎరుగును, మరునాడు వర్ణించగలడు. ఉమ్మెత్త తిన్నవానికి రెండూ లేవు. ఒక ద్రవ్యంపై జరిగిన పరిశోధనను చూపి మరొక ద్రవ్యాన్ని అమ్మడం నకిలీ విత్తనాల వ్యాపారుల పద్ధతి.

సోమం మాట కూడా క్లుప్తంగా చెప్పవలసి ఉన్నది. ఋగ్వేద నవమమండలమంతా పవమానసోమ స్తుతి. అందులోని మదం మత్తేనని తలచి, గోర్డన్ వాసన్ 1968లో సోమం ఒక పుట్టగొడుగు అన్నాడు. ఇతర పండితులు ఎఫెడ్రా జాతి పొద అన్నారు. ఏది ఏమైనా అది ఉమ్మెత్త అని నిరూపించినవారు లేరు. సోమయాగం చేసి చూపిన సంప్రదాయం కోనసీమ అగ్రహారాలలో ఇటీవలి తరాల వరకూ నిలిచింది. సుత్యాదినాన మూడు సవనాలు, పదహారుగురు ఋత్విజులు. హోత శస్త్రం తప్పరాదు, ఉద్గాత సామం తప్పరాదు. ఒక్క స్వరం జారినా బ్రహ్మ స్థానంలో ఉన్నవాడు పట్టి ప్రాయశ్చిత్తం చేయించాలి. గాలిలో దారాలు లాగేవారితో ఈ కర్మ నడుస్తుందా? సోమానికీ సురకూ భేదం చెబుతూ శతపథబ్రాహ్మణం సోమాన్ని సత్యంతోనూ జ్యోతితోనూ, సురను అనృతంతోనూ తమస్సుతోనూ జోడించింది. ఉమ్మెత్త ఏ పక్షానికి చేరునో వేరే చెప్పనక్కరలేదు.

కాశిలోనో హరిద్వారంలోనో సాధువులు చిలుములో ఉమ్మెత్త గింజ వేస్తారని వీడియోలు చూపేవారూ ఉన్నారు. ఫోన్ కెమెరా ముందు వెలిగే చిలుము ధర్మప్రమాణాలలో ఏ వర్గానికి చెందుతుందో వారే చెప్పాలి.

ఆయుర్వేదం ఈ మొక్కను వదలలేదు, ఆరాధించనూ లేదు. ఉపవిషాలలో చేర్చి, గింజలను గోమూత్రంలోనో గోక్షీరంలోనో దోలాయంత్రవిధిని శోధించిన పిమ్మట మాత్రమే వాడమన్నది. శ్వాసరోగానికి కనకాసవం ఉన్నది. ఉబ్బసానికి ఉమ్మెత్త పొగ పట్టే పద్ధతి 1802 ప్రాంతంలో మద్రాసు నుండే బ్రిటన్‌కు చేరింది. నేటి ఇన్‌హేలర్లలోని ఇప్రట్రోపియం అట్రోపిన్ నుండి రూపొందినదే. దానిని మార్చిన తీరు గమనించదగినది. ఊపిరితిత్తులలో పనిచేయాలి, మెదడులోనికి మాత్రం చొరబడరాదు అనే విధంగా ఆ అణువును మలిచారు. ప్రాచీన వైద్యులూ ఆధునిక వైద్యులూ దీని నుండి శ్వాసకు సాయం కోరారు. మతిభ్రమను తొలగించవలసిన దోషంగానే చూశారు.

ఆలయాలలోనూ ఇండ్లలోనూ ఉమ్మెత్తతో అర్చన యథావిధిగా సాగవచ్చు. ముళ్లకాయలను పిల్లలకు అందే పళ్లెంలో, పండ్లూ కొబ్బరిచెక్కలూ ఉన్న చోట ఉంచకూడదు. నిర్మాల్యాన్ని పశువులు మేసే చోట పారవేయకూడదు. ఈ పువ్వులతో మాల కట్టినవారు చేతులు కడుగకుండా కన్ను నులుముకుంటే ఆ కంటిపాప విచ్చుకొని గంటల తరబడి, ఒక్కొక్కసారి దినాల తరబడి చూపు మసకబారుతుంది, కడుక్కొనడమే ఉపాయం. ఎవరైనా గింజలు తిన్నారని తెలిస్తే నిమ్మరసమో మజ్జిగో పోసి తెల్లవారే దాకా వేచి ఉండరాదు, బలవంతంగా వాంతి చేయించరాదు, మంత్రించరాదు. 108కు ఫోన్ చేసి, తిన్నవానిని ఎండలో ఉంచక చల్లని చోట ఒంటరిగా వదలకుండా పట్టుకొని, మిగిలిన కాయను వెంట తీసుకొనిపోయి వైద్యునికి చూపాలి. తిన్నది ఏమిటో అతనే చెబుతాడని ఆశించవద్దు. అతనికి గుర్తుండదు.